ఆకుపచ్చ కూజా వెనక దీపం

గురువారం వస్తున్నానని జెద్దా నుంచి డాక్టర్ హైఫా ఫోన్ చేసింది. వచ్చేది ఒక్కతే కాదు. కాగితం మీది బొమ్మల మంచిచెడ్డలు తెలిసిన సిరియా మనిషిని వెంటబెట్టుకుని వస్తుందట. తన తల్లి పెట్టెలో ఉన్న పాత నీళ్లరంగుల బొమ్మలన్నీ అతను పరీక్ష చేస్తాడట, తర్వాత వాటిని జెద్దాలో ప్రదర్శనకు పెడతారట. "అంతవరకు ఆ పెట్టెను ఎవరూ ముట్టుకోకండి," అని చెప్పి పెట్టేసింది.

పుష్ప వంటింట్లోనే నిలబడిపోయింది. పొయ్యిమీద పాలు పొంగి పోతున్నా కట్టెయ్యాలన్న ధ్యాస లేదు. ముట్టుకోవద్దన్న ఆ పెట్టెలో, అన్నిటికంటే పైనున్న ఆకుపచ్చ కూజా బొమ్మకు చిల్లులున్నాయి. సూదితో పొడిచిన చిల్లులు. పొడిచింది తనే.

ఆ ఇల్లు అభాలో కొండ అంచున ఉంది. అందులో ఉండేది ముగ్గురు: అమ్మా అన్నట్టు పనివాళ్లు మామా అని పిలిచే మరియమ్ అనే ముసలావిడ, ఆమెను చూసుకునే పుష్ప, గేటు పక్క గదిలో డ్రైవర్ దస్తగిరి. మరియమ్ పుట్టింది అమెరికాలో. అక్కడికి చదువుకోవడానికి వచ్చిన అభా కుర్రవాణ్ని చేసుకుని, అతని వెంట ఈ కొండమీదికి వచ్చి, పేరు మార్చుకుని, ఇక్కడే ముసలిదైంది. ఆ భర్త ఇప్పుడు లేడు. కూతురు హైఫా జెద్దాలో డాక్టరు. తల్లిని అక్కడికి రమ్మంటే ఆ ఉక్కలో నేనుండనంటుంది. అందుకని కూతురే నెలకోసారి వస్తుంది, మిగతా రోజుల్లో హాల్లో గోడకు బిగించిన కెమెరాలోంచి చూస్తుంది. ఆ కెమెరా ఉన్నట్టుండి కిర్రుమని మెడ తిప్పుతుంది. అది తిరిగినప్పుడల్లా, ఏ తప్పూ చేయకపోయినా సరే, పుష్ప చున్నీ సర్దుకుంటుంది. పుష్పకు కఫీల్, అంటే ఈ దేశంలో ఆమెకు పూచీపడ్డ యజమాని, హైఫాయే. ఇకామా అనే నివాస అనుమతి, సెలవు, రాకపోకలు అన్నీ ఆ డాక్టరమ్మ ఫోన్లో ఉంటాయి.

ఇక బొమ్మల సంగతి. మరియమ్ వాళ్లమ్మ బొమ్మలు గీసే మనిషి. అమెరికాలో పనుల్లేక జనం అల్లాడిన రోజుల్లో, అక్కడి సర్కారు బొమ్మలు గీసేవాళ్లకు ఒక పని పెట్టిందట: పూర్వం మనుషులు చేత్తో చేసిన సామానునంతా ఉన్నదున్నట్టు నీళ్లరంగుల్లో దించి పెట్టమని. ఆవిడ వంతుకు గాజు వచ్చింది. యంత్రాలు రాకముందు, గొట్టం చివర నిప్పుముద్దను నోటితో ఊది చేసిన గాజు. గీసినవి సర్కారుకు ఇచ్చేసి, రెండోసారి తన కోసం గీసుకున్న కొన్నింటిని ఆవిడ దాచుకుంది. అవే ఇప్పుడు మరియమ్ మంచం పక్కన చెక్కపెట్టెలో ఉన్నాయి. మూతమీద కోడిపెట్ట కూర్చున్న నీలం చక్కెరగిన్నె. మెలితిరిగిన చారల తేనెరంగు సీసా. అన్నిటికంటే మరియమ్‌కు ప్రాణమైంది ఆకుపచ్చ కూజా. దాని పొట్టచుట్టూ గాజు పొర తామరాకుల్లా పైకి పాకి ఉంటుంది, మూతి కాస్త వంకర. గాజులో చిక్కుకుపోయిన గాలిబుడగల్ని కూడా ఆ మహాతల్లి వదల్లేదు.

మరియమ్‌కు రెండు జబ్బులు. ఒకటి మరుపు. రెండోది కళ్లది. ఏది చూసినా నట్టనడుమ పొగ కమ్మినట్టు ఉంటుంది. ఈమధ్య ఒక మధ్యాహ్నం కొండమీద మంచు దిగి కిటికీలన్నీ తెల్లబడ్డాయి. అప్పుడు ఆకుపచ్చ కూజా కాగితాన్ని ముక్కుకు ఆనించుకుని ముసలావిడ ఏడుపు మొహం పెట్టింది.

"ఇది ఆరిపోయింది పుష్పా. అమ్మ గీసినప్పుడు వెలిగేది. ఎవరో ఆర్పేశారు."

పుష్పది ధర్మవరం అవతల తోలుబొమ్మలు చేసే ఊరు. అక్కడ బొమ్మంటే గోడకు తగిలించేది కాదు, దీపానికి అడ్డంపెట్టి చూసేది. మేకతోలును పలచగా గీకి, ఆరబెట్టి, రంగులు అద్దుతారు. సీతమ్మ మెడలో ముత్యం మెరవాలంటే అక్కడ తెల్లరంగు వెయ్యరు, రంగు వెయ్యకుండా వదిలి చిల్లు పొడుస్తారు. వెనక దీపం పెడితే ఆ చిల్లే ముత్యం. పుట్టింట్లో నాన్న రంగులేస్తే చిల్లులు పొడిచే పని పుష్పది. పెళ్లయ్యాక భర్త రామాంజి ఇంట్లోనూ అదే పని. ఆ కళ్లతోనే ఆమె కూజాను చూసింది. మెరుపులున్న చోటల్లా రంగు లేదు, ఉత్త కాగితం. ఇంకెవరైనా ఊరుకునేవారు. పుష్పకు మాత్రం, అయ్యో, ఇంత పనితనం చూపించిన ఆయమ్మ చివర్లో చిల్లులు పొడవడం మరిచిపోయిందే అనిపించింది.

మరియమ్ గదిలోనే కంబళి మడత మీద కాగితం పరిచి, మరియమ్ ఉన్నిబుట్టలోని సూదితో తెల్ల మచ్చల మీద ఒక్కొక్కటే పొడిచింది. పరదాలు లాగి, కాగితం వెనక టేబుల్ దీపం పెట్టింది. కూజా భగ్గున వెలిగింది. మూతి అంచు మెరిసింది, పొట్టమీద బుడగలు మెరిశాయి. ముసలావిడ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టి, "అమ్మా," అంది. ఆనాటి నుంచి మంచు దిగిన ప్రతి మధ్యాహ్నం అదే ఆట. తాను చేసింది తప్పని పుష్పకు ఒక్కనాడూ తోచలేదు, డాక్టరమ్మ ఫోన్ వచ్చేదాకా.

ఆమె నేరుగా గేటు దగ్గరికి వెళ్లింది. దస్తగిరిది రాయచోటి. కారు తుడుస్తున్నాడు.

"దస్తగిరన్నా, మామా దగ్గరుండే ఆ బొమ్మలు అంత ఇలువైనవా?"

"ఇలువా? మొన్న కార్లో డాక్టరమ్మ ఫోన్లో మాట్లాడతా ఉంటే విన్న్యా. ఇట్లాంటివి అమెరికాలో మ్యూజియమోళ్లు బీగాలేసి పెట్టుకుంటారంట. గాలి గూడా సోకనీరంట. యాల అడుగుతుండావు?"

పుష్ప చెప్పింది. దస్తగిరి చేతిలోని గుడ్డ అట్లే ఆగిపోయింది.

"సూదితోనా?"

"సూదితోనే అన్నా. మా ఊర్లో అట్లే జేస్తాం."

"మీ ఊర్లో మేకతోలు మే అది. ఇది మ్యూజియం కాగితం." అతను హాలు కిటికీ వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "ఇగో, వెనక సందులో ఆ శ్రీలంక ఆమె సంగతి తెల్సు గదా. ఏందో పగిలిందని కేసు పెట్న్యారు. కేసు పడితే ఇంగ ఎగ్జిట్ లేదు, ఏమీ లేదు. అది తేలేదాకా ఈడే. ఇంగా తర్హీల్ జైల్లోనే ఉండాది."

పుష్పకు జైలు కన్నా పెద్ద భయం ఇంకొకటుంది. కూతురు సృజనకు పుట్టుకతోనే కాలు వంకర. బెంగళూరులో ఒక ధర్మాసుపత్రి వాళ్లు ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. ఆ తేదీ తప్పితే మళ్లీ ఎప్పుడు పిలుస్తారో తెలియదు. ఆ పిల్ల మొండి. అమ్మ పక్కనుంటే తప్ప కాలు ముట్టుకోనివ్వదు. కిందటిసారి ఆసుపత్రి మంచం మీంచి దూకి దేకుతూ బయటికొచ్చేసింది. ఈసారి పుష్ప ఉంటుందన్న మాట మీదే డాక్టర్లు ఒప్పుకున్నారు. శుక్రవారం ఎగ్జిట్ రీ-ఎంట్రీ, అంటే ఊరికి పోయి తిరిగి వచ్చే అనుమతి, కొట్టిస్తానని హైఫా మాటిచ్చింది. శుక్రవారానికి ముందు గురువారం వచ్చి పడింది.

"ఇప్పుడేం జేయల్లన్నా?"

"ఏముండాది జేసేకి? మామా పొడిచిందని చెప్పు. ఉన్నిబుట్ట ఆయమ్మది, సూది ఆయమ్మది. మతి లేదని ఊరంతా తెల్సు. ఎవురు కాదంటారు?"

"అది ఘోరమన్నా."

"ఘోరమో, ఇంగొగటో. నీ బిడ్డ కాలు ముందు జూస్కో."

పుష్ప లోపలికొచ్చేసింది. ఆ మాట చెవిలో నుంచి పోవడం లేదు. అంతకంటే ముందు, చేసినదాన్ని బాగుచేయవచ్చేమో చూద్దామనుకుంది. ఊళ్లో తప్పు చిల్లు పడితే తోలు గీకిన పొడిలో జిగురు కలిపి పూడ్చేస్తారు, కనబడదు. ఇక్కడ తోలుపొడి ఎక్కడిది? మైదాపిండి ఉడికించి, మరియమ్ నిద్రపోతుండగా, మూతి దగ్గరి ఒక చిల్లులో అగ్గిపుల్లతో అద్దింది. కాగితం ఆ తడిని చప్పున పీల్చేసింది. ముందువైపు బియ్యపుగింజంత మరక తేలి, పక్కనున్న ఆకుపచ్చ అంచు కరిగి తెల్లదనంలోకి పాకింది. తోలు ఎన్నడూ అలా చేయలేదు. పుష్ప పై ప్రాణాలు పైనే పోయాయి. అగ్గిపుల్ల పారేసి, ఆ కాగితాన్ని పెట్టె అడుగున దూర్చింది. అలా దూరిస్తే ఏం లాభమో ఆమెకే తెలియదు. హాల్లో కెమెరా కిర్రుమంది.

బుధవారం రామాంజి ఫోన్ చేశాడు.

"డాక్టరు మల్లా అడిగినాడు మే, మీ ఆడమనిషి ఖాయంగా వస్తాదా అని. వస్తాదని చెప్పినా. ఎగ్జిట్ పడిందా?"

"పడతాది."

"గొంతు యాల అట్లుండాది?"

"ఈడ మంచు గదా, పడిశం." ఆమె ఫోన్ పిల్లకిమ్మంది.

"అమ్మా, నువ్వొచ్చినాకనే కోయమని చెప్పినా," అంది సృజన. "నువ్వు రాకపోతే నేను మంచమెక్కను, అంతే."

"వస్తా ఉండా తల్లీ." పుష్ప ఫోన్ పెట్టేసింది.

గురువారం పొద్దున మంచు ఎంత దట్టంగా దిగిందంటే గేటు కనబడలేదు. ప్రహరీ మీద కొండకోతులు వరసగా కూర్చుని ఇంట్లోకి చూస్తున్నాయి. దస్తగిరి ఎయిర్‌పోర్టు నుంచి వాళ్లను తీసుకొచ్చాడు. హైఫా తల్లి నుదుటి మీద ముద్దుపెట్టింది. తల్లి మర్యాదగా నవ్వి, "మీరెవరి తాలూకు?" అని అడిగింది. ఆర్నెల్లుగా ఇదే వరస. హైఫా బురఖా మడతపెట్టుకుంది.

సిరియా మనిషి తెల్ల చేతితొడుగులు వేసుకుని, కిటికీ పక్క బల్లమీద పెట్టె తెరిచాడు. పుష్ప అరబ్బీ కాఫీ గావా పోసిన గిన్నెలతో గుమ్మంలో నిలబడింది. వెళ్లిపొమ్మని ఎవరూ అనలేదు. అతను నీలం చక్కెరగిన్నె బొమ్మ మీదికి వంగి చూశాడు.

"డాక్టర్, ఈ తెల్ల మెరుపు చూడండి," అన్నాడు. నెమ్మదిగా మాట్లాడే మనిషి, పుష్ప వంటింటి అరబ్బీకి కూడా అందింది. "ఇది రంగు కాదు. కాగితాన్ని అలాగే వదిలేశారు. చుట్టూ ఇంత రంగు వేస్తూ ఈ కాస్త చోటును కుంచె తగలకుండా కాపాడారు. ఒక్క చుక్క పడితే గాజు చచ్చిపోతుంది. గాజును గీయడమంటే ఎక్కడ ముట్టుకోకూడదో తెలిసి ఉండడమే."

తాను ఎక్కడెక్కడ పొడిచిందో ఆ చోట్లన్నీ పుష్పకు వరసగా గుర్తొచ్చాయి. గీసినావిడ మరిచిపోయిందనుకున్నదంతా ఆవిడ కాపాడుకున్నదే.

అతను ఒక్కో కాగితాన్ని కిటికీకి ఎదురుగా ఎత్తి పట్టుకుని, లోపలి పీచు చూసి, పక్కన పెడుతున్నాడు. తేనెరంగు సీసా అయింది. కాడ పొడుగు గ్లాసు అయింది. పెట్టె అడుగున ఇక ఒక్కటే మిగిలింది. ఆకుపచ్చ కూజాను బల్లమీద పెట్టి, మూతి దగ్గరి మరకను వేలితో చూపి అతను మొహం ముడిచాడు. తర్వాత ఎత్తి పట్టుకున్నాడు. మంచు తెల్లదనం చిల్లుల్లోంచి గదిలోకి చూసింది.

"ఇవి సూదిపోట్లు," అన్నాడు.

హైఫా కాగితాన్ని చూసింది, పుష్పను చూసింది. "ఎవరు?"

పుష్ప ఆ ఒక్కమాట అనేసింది. "మామా."

హైఫా నేరుగా తల్లి దగ్గరికి వెళ్లి, ఒళ్లో ఉన్న ఉన్నిబుట్టను లాక్కుంది. సూదులన్నీ ఏరి బయటపెట్టింది. తల్లి జేబులు వెతికింది, దిండు కింద వెతికింది. "అమ్మా, ఇంకెక్కడ దాచావు? చెయ్యి చూపించు," అంటోంది డాక్టర్ల గొంతుతో. మరియమ్ భయపడిపోయింది. ఈ కొత్త మనిషెవరో, తన చేతులెందుకు పట్టుకుందో తెలియక గోడకు ఒదిగిపోయి, "నేనేం చేశాను? నేనేం చేశాను పుష్పా?" అంది.

హైఫా వెనక్కి తిరిగింది. "చేతికి దొరికినదాన్నల్లా పొడిచే స్థితికి వచ్చిందంటే కొత్త మనిషికి అప్పగించలేను. నువ్వు రాత్రీ పగలూ పక్కనే ఉండాలి. నీ సెలవు రద్దు. శుక్రవారం ఏమీ కొట్టించడం లేదు."

తప్పించుకోవడానికి చెప్పిన అబద్ధమే తలుపు మూసేసింది. మంచమెక్కనని మొండికేసే పిల్ల ఒక కంటి ముందు, గోడకు ఒదిగిన ముసలిది ఇంకో కంటి ముందు. పుష్ప గావా గిన్నెలు నేలమీద పెట్టేసింది.

"మామా కాదు డాక్టర్. నేను. నేనే పొడిచాను."

హైఫా చేతిలోని ఉన్నిబుట్టను మంచం మీద పెట్టింది.

"ఇప్పుడెందుకు చెబుతున్నావు?" అంది హైఫా. "సెలవు పోయిందనా?"

"అవును. అందుక్కూడా."

"కూడా అంటే?"

పుష్ప మరియమ్ వైపు చూసింది. ఎందుకు పొడిచావని హైఫా రెండుసార్లు అడిగింది. తోలుబొమ్మకు అరబ్బీలో ఏమంటారో పుష్పకు తెలియదు. చివరికి ఆమె పరదాలు లాగేసి, టేబుల్ దీపం వెలిగించి, సిరియా మనిషి వద్దంటున్నా కాగితాన్ని దాని ముందు నిలబెట్టింది.

కూజా వెలిగింది. మూతి దగ్గర మైదా మరక ఒక్కటి నల్లగా ఉంది.

మరియమ్ ఏడుపు ఆగింది. గోడను వదిలి మెల్లగా వచ్చి దీపం ముందు కూర్చుంది. "మూతి వంకర," అంది ఇంగ్లీషులో. "అమ్మ చెప్పేది, ఊదేవాడు సరిగ్గా అప్పుడే..." అని ఆగి, పక్కకు తిరిగి, "హైఫా, ఏం చేసి ఉంటాడనేది అమ్మమ్మ?"

"తుమ్మి ఉంటాడనేది," అంది హైఫా.

"ఆ. తుమ్మి ఉంటాడు." ముసలావిడ నవ్వింది. మళ్లీ కూజాలో మునిగిపోయింది.

సిరియా మనిషి గొంతు సవరించుకున్నాడు. "ఇది ప్రదర్శనకు పనికిరాదు డాక్టర్. దీన్ని బాగుచేయడం కూడా నావల్ల కాదు."

"మిగతావి తీసుకెళ్లండి," అంది హైఫా. ఫోన్ పట్టుకుని హాల్లోకి వెళ్లింది.

పుష్ప వంటింట్లోకి వచ్చి గోడకు ఆనుకుంది. హాల్లోంచి హైఫా మాటలు వేగంగా, తెగిపోతూ వినబడుతున్నాయి. ఎవరితో మాట్లాడుతోందో తెలియదు. పోలీసులనిపించింది. బయట కారు చప్పుడైతే వాళ్లే వచ్చారనిపించింది. తర్హీల్‌లో ఉన్న శ్రీలంక ఆమె మొహం ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోబోతే రాలేదు. తన ఫోన్ ఒకసారి టింగుమంది. అరబ్బీలో ఏదో మెసేజ్. వెనక తలుపు తీసి దస్తగిరి చేతిలో పెట్టింది. అతను అక్షరాలు కూడబలుక్కుంటుంటే పుష్ప తలుపు రెక్క పట్టుకుని నిలబడింది.

"ఖురూజ్ నిహాయీ," అన్నాడు. "ఫైనల్ ఎగ్జిట్. పంపించేస్తా ఉండాది మే. కేసు లేదు."

"తిరిగి రాలేనా?"

"రాలేవు. ఈ ఇంటికి రాలేవు." కాసేపాగి, "బిడ్డ దగ్గరికి పోతావులే," అన్నాడు.

పుష్ప తలుపు దగ్గరే కూలబడింది. సృజన మంచమెక్కుతుంది. ఆ సంతోషంతో ఏడుస్తోందో, పనిపోయిన భయంతో ఏడుస్తోందో, పక్క గదిలో చప్పట్లు కొడుతున్న ముసలిదాని కోసం ఏడుస్తోందో ఆమెకు తెలియలేదు. మూడూ కలిసే వచ్చాయి.

సిరియా మనిషి పెట్టెతో వెళ్లిపోయాక హైఫా వంటింటి గుమ్మంలోకి వచ్చింది. పుష్ప లేచి చున్నీ సర్దుకుంది. హైఫా ఆమె మొహం చూడలేదు, పొయ్యి వైపు చూస్తూ నిలబడింది.

"నిన్ను క్షమించలేదు," అంది.

"అవును డాక్టర్."

"టికెట్ ఆదివారానికి." ఇంకా అక్కడే ఉంది. "ఆ దీపం... ఎంత దూరంలో పెడతావు?"

పుష్ప బొటనవేలు, చిటికెనవేలు చాచి జానెడు చూపించింది. "దగ్గరైతే కాగితం కాలుతుంది. దూరమైతే మామాకు కనబడదు."

హైఫా తన చెయ్యి చాచింది. ఆమె జాన పుష్ప జానకంటే చిన్నది. పుష్ప ఆమె చిటికెనవేలు పట్టుకుని, కొంచెం అవతలికి జరిపింది.